చేతులు కనబడేటట్టు

ఆరుగురు మనుషులు కావాలె, మూడు దినాల పని, లంబాడోళ్లయితే ఇంకా మంచిది అని వేణు సార్ చెప్పినప్పుడు శిరీషకు ముందుగాల సంతోషమే అయింది. మిరపతోటల పని అయిపోవచ్చింది. తండాల ఆడోళ్లు ఖాళీగ కూసున్నరు.

"ఏం పని సార్?"

"నడుసుడే," అన్నడు వేణు. "చేతుల ఏదన్న పట్టుకొని అటునుంచి ఇటు నడవాలె. కంపెనీవాళ్లు వీడియో తీసుకుంటరు. మిరపకాయ కూలికి రెండింతలు ఇస్తరు. భూపాలపల్లి దాక బండి, తిండి, పండుకునే జాగ అంత వాళ్లదే. నువ్వు గూడ పోవాలె. వాళ్ల మేడంకు మీ భాష రాదు."

తొర్రూరు బస్టాండుకు ఎదురుంగ ఎరువుల దుకాణం మీది అంతస్తుల ఉన్నది వేణు సార్ నడిపే ఆఫీసు. ఇరవై రెండు కంప్యూటర్లు, ఇరవై రెండు మంది ఆడపిల్లలు. శిరీష కేసముద్రం దిక్కు తండా నుంచి రోజు నెల్లికుదురు మీదుగ బస్సుల వచ్చిపోతది. తెర మీద బొమ్మ వస్తది. బొమ్మల మనిషి ఉంటే మనిషి చుట్టు డబ్బా గీయాలె. ఆ మనిషి చేతుల ఏమన్న ఉంటే దాని చుట్టు ఇంకో డబ్బా గీసి, అది పనిముట్టో, మూటనో, ఆయుధమో పేరు పెట్టాలె. ఒక్కో బొమ్మకు పన్నెండు సెకండ్లు. మొదట్ల పొలాలు, పశువులు, రోడ్లు వచ్చేటియి. రెండు నెలల సంది మనుషులే వస్తున్నరు. ఏ దేశపోళ్లో ఏమో, రాళ్లగుట్టలు, మట్టిగోడలు, సన్నటి బాటలు. ఇదంత అడవుల దొంగతనంగ వేటాడేటోళ్లను పట్టేటందుకని పక్క సీటు రేణుక ఎక్కడనో విన్నది. అందరు అదే అనుకున్నరు.

ఆ పొద్దుగూకినంక తండాల శిరీష సంగతి చెప్పంగనే చాంద్యా, బాల్‌సింగ్, కళావతి వస్తమన్నరు. ఇంకో ఇద్దరు ఒప్పుకున్నరు. ఆరో మనిషి కోసం చూస్తుంటే అరుగు మీద కూసొని అద్దాల రైక కుట్టుకుంటున్న సుక్కి సూది ఆపింది. సుక్కి శిరీషకు నాయినమ్మ.

"నేను రానా?"

"మూడు దినాలు ఎండల నడవాలె దాదీ."

"నడుసుడు నాకు రాదా? పుట్టిన సంది అదే చేస్తున్న," అన్నది సుక్కి. అందరు నవ్విన్రు. శిరీష ఆమె పేరు రాసుకున్నది.

భూపాలపల్లి దాటినంక బొగ్గుగనుల మట్టి పోసిన గుట్టలు వరుసగ ఉంటయి. వాటిల్ల ఒకదాని అవతల, తీగల కంచె లోపల రేకుల షెడ్డు. షెడ్డు ముందట సున్నం గీతలు. టెంపో దిగేసరికి హర్షిణి మేడం ఎదురొచ్చి అందరికి మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చింది. శిరీష కన్న నాలుగైదేండ్లు పెద్దదేమో. హైదరాబాదు పిల్ల, ఎండకు మూతికి చున్నీ కట్టుకున్నది. సుక్కికి తన చేత్తోని ప్యాకెట్ మూల చింపి ఇచ్చింది. మంచి పిల్లనే అనుకున్నది శిరీష.

వ్యాను తలుపు తెరిచి మిషిన్‌ను బయటికి నడిపించిన్రు. మేకపోతంత ఎత్తు, నాలుగు కాళ్లు, తలకాయ లేదు. తలకాయ ఉండాల్సిన కాడ నల్లటి అద్దం. వీపు మీద జానెడు గొట్టం. అది మట్టిల కాలు పెట్టి, జారి, మళ్ల తనంతట తనే సదురుకొని నిలబడ్డది.

"మెడ కోసినంక గూడ నడుస్తున్నది," అన్నడు చాంద్యా.

"పచ్చ లైటు వెలిగితే మనిషిని పోనిచ్చినట్టు," అని హర్షిణి చెప్పింది. "ఎర్ర లైటు వెలిగి కూత పెడితే ఆపినట్టు. ఇది వాళ్లకు చెప్పు శిరీషా."

"ఆపుడంటే ఎట్ల మేడం?"

హర్షిణి చున్నీ కిందికి గుంజుకున్నది. "సరిహద్దుల్లో సైనికుల బదులు ఇవే నిలబడతాయి. మన పిల్లలు చచ్చిపోకుండా. ఆయుధంతో వచ్చేవాణ్ణి కాలుస్తుంది. ఇప్పుడు గొట్టంలో లైటే ఉంది, భయపడాల్సిందేం లేదు."

శిరీష తండావాళ్ల దిక్కు తిరిగింది. ఆరుగురు ఆమె మొఖమే చూస్తున్నరు. "ఎర్రది వెలిగితే ఆగాలెనట," అని లంబాడీల చెప్పింది. అంతకన్న ఏం చెప్పలే.

నడక షురూ అయింది. చాంద్యాకు నల్లరంగు పూసిన కట్టె తుపాకి ఇచ్చిన్రు. ఎర్ర లైటు. కళావతి ప్లాస్టిక్ బిందెతోని పోయింది. పచ్చ. బాల్‌సింగ్ నెత్తి మీద మూట పెట్టుకొని పోయిండు. పచ్చ. సుక్కికి ఒక పొడుగు వాసం ఇచ్చిన్రు. ఆమె దాన్ని భుజాన వేసుకొని, ఎడమ చెయ్యి ఊపుకుంట, ఇంటికి పోతున్నట్టు నడిచింది. సగం దూరం పోంగనే మిషిన్ ఆమె దిక్కు తిరిగింది. ఎర్ర లైటు. సన్నటి కూత.

"అవ్వ పోయింది!" అని షెడ్డుల నుంచి ఎవడో అన్నడు. నవ్వులు.

మళ్ల నడిపిచ్చిన్రు. మళ్ల ఎర్ర. వాసం తీసేసి ఉత్త చేతులతోని నడిపిచ్చిన్రు. రైక మీది అద్దాలు ఎండకు తళుక్కుమన్నయి. మళ్ల ఎర్ర.

"అవ్వ మస్తు ఖతర్నాక్," అన్నడు చాంద్యా. తండావాళ్లు గూడ నవ్విన్రు. సుక్కి నవ్వలే.

నాలుగోసారి వాసంతోని పంపిన్రు. కూత వినబడంగనే ఆమె వాసాన్ని సప్పుడు కాకుండ కింద పెట్టింది, పసిపిల్లను పండబెట్టినట్టు. తర్వాత మోకాళ్ల మీద కూసొని రెండు చేతులు నెత్తి మీద పెట్టుకున్నది. ఎవరు చెయ్యమనలే. షెడ్డుల నవ్వు ఆగిపోయింది. మిషిన్ ఆమె దిక్కే చూస్తున్నది, ఎర్ర లైటు ఆరలే.

శిరీష ఉరికిపోయి రెక్క పట్టుకొని లేపింది. సుక్కి రెక్క చల్లగున్నది. అంత ఎండల.

అన్నం బండి వచ్చినంక శిరీష హర్షిణి దగ్గరికి పోయింది. "మేడం, మా దాదికి ఎందుకు ఎర్రది వచ్చింది?"

హర్షిణి ల్యాప్‌టాప్ తిప్పి చూపింది. తెర మీద సుక్కి ఉన్నది. సుక్కి చుట్టు డబ్బా. వాసం చుట్టు ఇంకో డబ్బా. రోజు తను గీసేటియే. డబ్బా మీద ఆయుధం అని రాసున్నది, పక్కన నూటికి తొంభై ఒకటి అని నమ్మకం లెక్క.

"ఇట్ల దీనికి ఎవలు నేర్పిన్రు?"

"మీరే కదా. మీ తొర్రూరు టీమ్ నుంచే," అన్నది హర్షిణి. ఏం దాపరికం లేకుండ, ఒక తీరుగ మెచ్చుకున్నట్టే అన్నది. ఇంకేదో ఒత్తితే కింద చిన్నచిన్న బొమ్మలు వరుసగ వచ్చినయి. "ఈ కర్రను చూసి మిషన్ దేంతో పోల్చుకుందో ఇక్కడ కనపడుతుంది."

మూడో బొమ్మ శిరీషకు యాదికున్నది. మట్టిగోడ పక్కపొంటి ఒక ముసలాయన పోతున్నడు, భుజం మీద పొడుగుగ ఏదో ఉన్నది. పార కావొచ్చు. పైపు కావొచ్చు. పదకొండో సెకండు దాక చూసి ఆయుధం అని ఒత్తింది. ఆయుధాన్ని పనిముట్టంటే అయిదు మార్కులు కోస్తరు. పనిముట్టును ఆయుధమంటే ఒకటే కోస్తరు. ఇరవై రెండు మంది పిల్లలకు ఆ లెక్క మొదటి వారంలనే ఒంటపట్టింది. డౌటొస్తే ఆయుధమే. శిరీషకు నెలనెల ఫస్టు వచ్చేది అట్లనే.

బొమ్మ మూలకు నంబరు ఉన్నది. పదిహేడు. అది ఆమె సీటు నంబరు.

"బాగలేదా?" అని అడిగింది హర్షిణి. "నీళ్లు తాగు. ఎండ."

పండుకునేటందుకు ఊర్ల ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడిన్రు. ఇంక పొద్దు ఉండంగనే అక్కడికి చేరిన్రు. మగోళ్లు చాయకు పోయిన్రు. సుక్కి మెట్ల మీద కూసొని కాళ్లకు అంటిన నల్లమట్టిని రుద్దుకుంటున్నది. శిరీష పోయి పక్కన కూసున్నది.

"అది కాలుస్తది కద," అన్నది సుక్కి.

శిరీష నీళ్ల సీసా ఆమె ముందట పెట్టింది.

"నాకు చెప్పకున్న ఎరుకైంది. ఆ చూపు ఎరుకే." ఆమె మట్టి రుద్దుడు ఆపలే. "మీ తాత నాగటికి కట్టె కొట్టుకొస్తనని అడవికి పోయిండు. మంచి కట్టె దొరికింది, చెక్కుకొని భుజాన పెట్టుకొని వస్తున్నడు. వాగు అవతల్నుంచి కాల్చిన్రు. ఎవలు కాల్చిన్రో ఇయ్యాల్టి దాక ఎవలు చెప్పలే. నలభై అడుగులు కూడ లేదు. పిలిచి ఎవలు నువ్వు అంటే, వాల్యాను అని చెప్పేటోడు. అంత సేపు గూడ పట్టదు."

వాల్యా ఫోటో గూడ ఇంట్ల లేదు. శిరీషకు ఆ పేరు రేషన్ కార్డు మీద కొట్టేసిన గీత కింద చూసిన గుర్తు.

"మనం పొద్దుగాల్నే ఎల్లిపోదాం దాదీ. నేను మేడంకు చెప్త."

"ఎందుకు?" అన్నది సుక్కి. ఆమె కండ్లల్ల శిరీష ఎన్నడు చూడని ఆత్రం ఉన్నది. "బాల్‌సింగ్‌కు పచ్చది వచ్చింది కద. ఎట్ల వచ్చింది? అది నాకు ఎరుక కావాలె."

రెండో దినం పొద్దున హర్షిణి నిద్రలేని మొఖంతోని వచ్చింది. తెల్లారి పెద్ద సార్లు వస్తున్నరు, వాళ్ల ముందట సుక్కికి ఎర్రది పడితే పనంత ఖరాబైతది.

"మా దాదిని పక్కకు పెడితే కాదా మేడం?"

"ముసలివాళ్లు ఒకరైనా ఉండాలని ముందే రాసిచ్చాం." హర్షిణి ల్యాప్‌టాప్ తెరిచింది. "మిషన్‌ని ఒక్కరోజులో మార్చలేం శిరీషా. మనుషులకు చెప్పుకోవచ్చు కదా. కొంచెం నేర్పించు."

అట్ల నేర్పుడు షురూ అయింది. హర్షిణి ల్యాప్‌టాప్ చూసుకుంట ఒక్కోటి చెప్తది, శిరీష దాన్ని లంబాడీల చెప్పి నడిచి చూపిస్తది. బరువు భుజం మీద పెట్టద్దు, నెత్తి మీదనే. వంగద్దు. తటాలున పక్కకు తిరగద్దు. రెండు చేతులు పక్కలకు చాపి, అరచేతులు ముందటికి తిప్పి, మెల్లగ. అద్దాల రైక, అద్దాల ముసుగు వద్దు.

శిరీష తన సంచిల నుంచి ఉత్త ఆకుపచ్చ చీర తీసింది. సుక్కి జన్మల చీర కట్టలే. కళావతి షెడ్డు ఎనకకు తీస్కపోయి కట్టి తెచ్చింది. చీరల సుక్కి ఇంకెవరో లెక్క, చిన్నగ, సన్నగ కనబడ్డది. రెండు అడుగులేసి కుచ్చిళ్లు తొక్కి ఆగింది. అయినా మళ్ల నడిచింది. బడిపిల్ల ఎక్కాలు ఒప్పచెప్పినట్టు చేతులు చాపి, పెదిమెలు కదుపుకుంట, అడుగులు లెక్కబెట్టుకుంట నడిచింది.

"ఉరుకద్దా?"

"ఉరుకద్దు."

"దగ్గొస్తే?"

శిరీష హర్షిణిని అడిగి చెప్పింది. "నోటికి చెయ్యి అడ్డం పెట్టద్దు. అట్లనే దగ్గాలె."

"పిల్లలు ఎనక నుంచి పిలిస్తే?"

"తిరగద్దు."

"కాలు జారి పడితే?"

ఇది విని హర్షిణి కీబోర్డు మీద వేళ్లు ఆపింది. "పడితే లేవకుండా ఉండమను," అన్నది. "లేచేటప్పుడే దానికి అనుమానం వస్తుంది."

శిరీష ఆ మాటను లంబాడీల తిప్పి చెప్పింది. సుక్కి తలూపి, ఒకసారి మట్టిల పండుకొని చూసుకున్నది. మొఖం నేలకు ఆనిచ్చి, అరచేతులు పైకి పెట్టి. "గిట్లనా?"

"గట్లనే దాదీ. ఇగ లే."

పొద్దుగూకే వరకు ఆమెకు వరుసగ పదకొండు సార్లు పచ్చది వచ్చింది. పదకొండోసారి గీత దాటి వచ్చి శిరీష చెంపలు రెండు చేతులతోని పట్టుకున్నది.

మూడో దినం నాలుగు కార్లు వచ్చినయి. గుడ్డ పందిరి వేసి కుర్చీలు వేసిన్రు. చాంద్యా కట్టె తుపాకి పట్టుకొని వచ్చిండు, ఎర్రది పడ్డది, సార్లు తలలూపిన్రు. కళావతికి పచ్చ. బాల్‌సింగ్‌కు పచ్చ. మిగిలినోళ్లకు పచ్చ. అందరికన్న ఎనక సుక్కి వచ్చింది. ఆకుపచ్చ చీర, నెత్తి మీద కట్టెలమోపు, పక్కలకు చాపిన చేతులు. మోపు కదలలే. మిషిన్ నాలుగు అడుగులు ఆమెకు ఎదురుంగ పోయి ఆగింది. ఆ నల్లటి అద్దం ముందట నుంచి, రెండు బారల దూరంల, ఆమె రెప్ప కొట్టకుండ నడిచిపోయింది. పచ్చ.

సార్లు చప్పట్లు కొట్టిన్రు. "ముసలామె చూడండి, అసలు బెదరలేదు," అన్నడొకాయన. హర్షిణి కండ్లు తుడుచుకున్నది.

కార్లు పోయినంక హర్షిణి కాగితాలు తెచ్చింది. ఇంగ్లీషుల ఉన్నయి. ఆరుగురు వేలిముద్రలు పెట్టాలె, శిరీష సాక్షి సంతకం చెయ్యాలె. శిరీష నిలబడి చదివింది. నడిచినవాళ్లకు ఎవరు ఏ సూచనలు చెయ్యలేదని, వాళ్లంతట వాళ్లు సహజంగ నడిచినరని ఉన్నది.

"మేడం, ఇది..."

"అందరూ ఇట్లాగే రాస్తారు. ఉత్త ఫార్మాలిటీ. టెంపో వెయిటింగ్‌లో ఉంది శిరీషా."

సుక్కి బొటనవేలికి సిరా పూసుకొని ఆగింది. "ఏం రాసిన్రు ఛోరీ?"

"మంచిగ నడిచినమని రాసిన్రు," అన్నది శిరీష. సుక్కి ముద్ర వేసింది. కింద శిరీష సంతకం చేసింది.

తెల్లారి ఐతారం. శిరీష పొద్దెక్కినంక లేచి బయటికొచ్చేసరికి బోరింగు కాడ ఆడోళ్లు గుమిగూడి ఉన్నరు. నవ్వులు వినబడుతున్నయి. నడుమ సుక్కి, ఇంక అదే ఆకుపచ్చ చీరల. ఇద్దరు ఆడోళ్లను నిలబెట్టి వాళ్ల అరచేతులు తన చేత్తోని తిప్పుతున్నది.

"నవ్వకున్రి. భుజాన ఏది పెట్టద్దు. పారైనా, కర్రైనా. పిలిస్తే తిరగద్దు. పడితే లేవద్దు."

శిరీషను చూసి చెయ్యి ఊపి పిలిచింది. "నువ్వు చెప్పు వీళ్లకు. నాకన్న నీకు మంచిగ వచ్చు. తండా అందరికి నేర్పు."

"మనకెందుకు దాదీ? గిక్కడ ఆ మిషిన్ ఏం లేదు కద."

"ఆనాడు మాత్రం ఏముండె?" అన్నది సుక్కి. ఆడోళ్లను వదిలి శిరీష దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఏండ్ల సంది మోసుకొచ్చిన బరువును కింద దించుతున్నట్టు చెప్పింది. "మీ తాత ఏం చేసిండో నాకు ఇన్నేండ్లు ఎరుక కాలే. ఉరికిండా? ఎదురు మాట్లాడిండా? ఎందుకు కాల్చిన్రు అని పండుకున్నప్పుడల్ల అదే. ఇప్పుడు ఎరుకైంది. కట్టెను భుజాన పెట్టుకున్నడు. నెత్తి మీద పెట్టుకుంటే అయిపోయేది. ఎవలన్న గింత చెప్పుంటే ఇంటికొచ్చేటోడు."

"తాత తప్పేం లేదు."

"మరి మీ మేడం చెప్పింది కద."

"మేడం చెప్పింది మిషిన్ సంగతి. దానికే సరిగ కనబడదు దాదీ. తప్పు దానిది. దానికి నేర్పినోళ్లది. నేనే నేర్పిన." శిరీష సుక్కి చెయ్యి పట్టుకున్నది. "బొమ్మల ఒక ముసలాయన భుజాన పొడుగుగ ఏదో పెట్టుకొని పోతుంటే నేనే ఆయుధమని రాసిన."

సుక్కి ఆమెను చూసింది. అర్థం కానట్టు కాదు, పిల్ల ఏదో పరేషాన్ల ఉన్నదని జాలిపడ్డట్టు చూసింది. "మంచిదే కద. నీకు ముందుగాల తెలిసింది, మాకు చెప్పినవు," అని మళ్ల బోరింగు కాడికి పోయింది.

శిరీష ఇంటి ఎనుకకు పోయి హర్షిణికి ఫోన్ చేసింది. "మేడం, ఆ కాగితం మీద నేను చేసిన సంతకం అబద్ధం. వాళ్లంతట వాళ్లు నడవలే. నేను నేర్పిన. మా దాది రోజు నడిచినట్టు నడిస్తే నాలుగుసార్లకు నాలుగుసార్లు ఎర్రది పడ్డది. అది గూడ రాయాలె."

"రిపోర్టు రాత్రే పంపేశాను శిరీషా."

"మళ్ల పంపున్రి."

"నేను పంపలేను. నువ్వు రాసిస్తే కాదనను. కానీ వేణుగారు నిన్ను ఉంచుకోరు. అది ఆలోచించుకో."

ఆ సాయంత్రం దాక కూసొని శిరీష ఫోన్లనే రాసింది. ఎన్ని మార్కులు దేనికి కోస్తరో రాసింది. పదిహేడో నంబరు తనదే అని, ఆ బొమ్మల ముసలాయన భుజాన ఉన్నదేందో తనకు తెల్వకుండనే పేరు పెట్టిన అని రాసింది. సుక్కి పడితే లేవద్దని ఎట్ల నేర్చుకున్నదో రాసింది. కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు పెట్టి హర్షిణికి, వేణుకు ఇద్దరికి పంపింది.

సోమవారం తొర్రూరుల ఆమె కంప్యూటర్ తెరుచుకోలే. వేణు తిట్టలే. కుర్చీ చూపిచ్చి, "ఇరవై ఒక్క మంది పిల్లలు దీని మీద బతుకుతున్నరమ్మా," అన్నడు. అంతే. ఆయన అన్నది గూడ అబద్ధం కాదు. రేణుక మెట్ల దాక వచ్చి, ఏమైందని అడిగి, అంత విని, "మరి డౌటొస్తే ఏమని ఒత్తాలె?" అన్నది. శిరీష చెప్పులేసుకొని మెట్లు దిగింది. పది దినాల తర్వాత హర్షిణి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. 'నీ లెటర్ ఫైల్‌లో పెట్టాను. దాన్ని తీసేయమన్నారు, తీయలేదు. అంతకంటే నా చేతిలో లేదు.' ఆ తర్వాత ఆ నంబరు కలవలే.

చివరి కోత మిరపకాయకు మనుషులు కావాలంటే శిరీష సుక్కితోని పోయింది. పొద్దున పూట, చేన్ల నడుమ బాట. సుక్కి ముందు, శిరీష ఎనుక. సుక్కి నెత్తి మీద అన్నం గంప, ఒంటి మీద ఆకుపచ్చ చీర. రైక సంగతి శిరీష రెండుసార్లు అడిగి ఊకున్నది. ఆమె నడక ఇప్పుడు అదే, చేతులు చాపి, మెల్లగ, ఎనుకకు తిరగకుండ. శిరీష కావాల్నని చేతులు ఊపుకుంట, చెప్పులు సప్పుడు చేసుకుంట, లొల్లి పెట్టుకుంట నడిచింది. "దాదీ, జర ఇటు చూడు. దాదీ!" సుక్కి తిరగలే.

పక్క చేన్ల ఎవరో మందు కొట్టే డ్రోన్ లేపిన్రు. తేనెటీగల తుట్టె కదిలినట్టు రొద చేసుకుంట అది మిరప సాళ్ల మీదికి లేచి, వాళ్ల దిక్కు తిరిగింది.

సుక్కి ఆగింది. గంప కదలలే. ఎనుకకు చూడకుండనే చెయ్యి చాపి తడుముకుంట శిరీష మణికట్టు పట్టుకున్నది. పట్టుకొని అరచేతిని ముందటికి తిప్పింది. వేళ్లను ఒక్కొక్కటి విప్పింది.

"కదలకు," అన్నది.

శిరీష చెయ్యి గుంజుకోలే. డ్రోన్ వాళ్ల నెత్తి మీద నుంచి దాటి, సాలు చివరి దాక పోయి, మళ్ల తిరిగి, అవతలికి పోయేదాక ఇద్దరు అట్లనే నిలబడ్డరు.